అమ్మ విత్తనాల బుట్టకు ఒక విన్నపం

జహనుమా, హైదరాబాద్,
మృగశిర కార్తె, మూడో వాన పడిన రోజు.

అమ్మ పాదాలకు, అవి ఇప్పుడు ఏ బురదలో ఉన్నా సరే, చిన్న బిడ్డ లావణ్య వంగి దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. నువ్వు కూడా క్షేమమనే నమ్ముతున్నాను. ఎందుకంటే రెండు వారాలుగా ఫోనులో "తిన్నవా" అని ఒక్క మాట అడిగి, జవాబు వినకుండానే ఫోను అక్క చేతిలో పెడుతున్నావు. ఒంట్లో బాగాలేని మనిషికి అంత కోపం అన్నాళ్లు నిలవదు. కాబట్టి ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందని అర్థం చేసుకున్నాను. మోకాలి నొప్పి ఎలా ఉంది? మేక ఈనిందా? చిన్నమ్మ దగ్గు తగ్గిందా?

అక్కా, అంగన్‌వాడీ టీచరువి కాబట్టి ఈ ఉత్తరం చదివే ఉద్యోగం కూడా నీదే. జీతం లేదు. నాయన తమ్ముడూ, మన గోడ పక్కింటివాడూ, ఇక్కడ కంటి ఆపరేషను చేయించుకుని ఈ కవరు మోసుకొచ్చినవాడూ అయిన చిన్నాయన ఎదురుగా ఉండాలి. చిన్నమ్మ ఉండాలి. అమ్మ ఉండాలి. ముగ్గురూ కూర్చున్నాకే ఇక్కడి నుంచి ముందుకు చదువు. మధ్యలో నీకు ఏ ముక్క ఇబ్బందిగా అనిపించినా దాటేయకు. నీ సంగతి నాకు తెలుసు, పదో తరగతిలో నా మార్కులు నాయనమ్మకు చదివి చెప్పినప్పుడు లెక్కలు దాటేశావు. అప్పుడు సంతోషించాను. ఇప్పుడు వద్దు.

ముందు ఇక్కడి కబుర్లు. మాదన్నపేటలో నా గది అలాగే ఉంది, అంటే తలుపు గట్టిగా వేస్తే కిటికీ తెరుచుకుంటుంది. కిందే కూరగాయల మార్కెట్టు. తెల్లారేసరికి టమాటా డబ్బాలు దించేవాళ్ల లొల్లి మొదలవుతుంది, అలారంతో పని లేదు. ఇంటామె యాదమ్మ ఆ మార్కెట్టులోనే ఆకుకూరలు అమ్ముతుంది. వచ్చిన కొత్తలో నన్ను నెల రోజులు పరీక్షగా చూసి, ఒకనాడు మెంతికూర కట్టలు కడుతూ మెల్లగా అడిగింది, మీ కోయోళ్లు అడవిలో చెట్ల మీద ఉంటారట కదా అని. అవునమ్మా, రెండో కొమ్మ మాది, మూడో కొమ్మ టీచరుకు అద్దెకిచ్చాం, వానాకాలం కొంచెం కారుతుంది అని ఎంతో మర్యాదగా చెప్పాను. రెండు రోజులు నమ్మింది. మూడో రోజు కొమ్మకు కరెంటు మీటరు ఎక్కడ బిగిస్తారని అడిగింది, నాకు నవ్వు ఆగలేదు. చేతిలో ఉన్న కట్టతోనే నా నెత్తి మీద కొట్టి, "నీ నోట్ల మన్నువడ, ఎంత సక్కగ చెప్పినవే" అంది. ఆ రోజు నుంచి అమ్ముడుపోక మిగిలిన ఆకుకూరంతా నాదే. అమ్మా, నీ బిడ్డ తోటకూర మీద బతుకుతోంది, ఫికర్ చేయకు.

మొదటి వాన ఇక్కడా పడింది. మన దగ్గర మొదటి వానకు మన్ను వాసన వస్తుంది, ఇక్కడ మురికి మోరీ వాసన వస్తుంది. అయినా బయటికి వెళ్లి నిలబడి తడిశాను. యాదమ్మ గడపలో నిలబడి జాలిగా చూసింది. చేను పదునెక్కి ఉంటుంది, అమ్మ బుట్ట దించి బూడిద చెరిగి గింజలు ఆరబోస్తూ ఉంటుంది అనుకున్నాను. ఆ ఒక్క పూట ఇల్లు బాగా గుర్తొచ్చింది. ఒక్క పూటే. తర్వాత బిస్కెట్లు తిన్నాను, తగ్గింది.

ఇక ఆఫీసు. నేను పెద్ద ఆఫీసులో పని చేస్తున్నానని ఊరంతా చెబుతున్నావట. వివరాలు నోట్ చేసుకో. జహనుమాలో రఫియా మేడం సొంత ఇల్లు, వాకిట్లో జామచెట్టు, లోపల మేడం, నేను, ఒక పిల్లి. పిల్లి నాకంటే సీనియర్. మూడు ట్రంకు పెట్టెల నిండా క్యాసెట్లు. ముప్పై ఏళ్లు మేడం మన వైపు ఊళ్లన్నీ తిరిగి ఆడవాళ్లు చెప్పిన మాటలు రికార్డు చేసింది. అవి వినడం, రాయడం, కోయ మాట వస్తే తెలుగు చేయడం నా పని. కాగితం మీద నన్ను రిసెర్చ్ అసిస్టెంట్ అంటారు. యాదమ్మ మాత్రం టేపులు వినే కొలువు అంటుంది, నాకు అదే నచ్చింది.

మేడం వయసులో ఉన్నప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవు దొరికితే చాలు అఫ్జల్‌గంజ్ వైపు వచ్చి బస్సెక్కేదట. అడవిలో ఏముందే అని వాళ్ల అమ్మీ అడిగితే, నాకు తెలియనిదంతా ఉంది అనేదట. పోడు భూమికి కాగితం ఇచ్చేటప్పుడు మొగుడి పేరు పక్కన పెళ్లాం పేరు కూడా రాయాలి. ఆ రూలు తీసి ఆఫీసుల్లో చూపించడానికే ఆమెకు సగం జీవితం పట్టింది. ఆమె గుడ్డ సంచి గుమ్మంలో కనబడితే క్లర్కులు వాళ్లంతట వాళ్లే ఫైలు వెతకడం మొదలుపెట్టేవాళ్లట. మధ్యాహ్నం భోజనం మేడంతోనే. బగారా అన్నం, ఖట్టీ దాల్. నేను లావయ్యాను, నమ్మకపోతే చిన్నాయనను అడుగు, ఆయన కూడా లావయ్యాడు.

మేడం దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి మాట రాసినా, రాసింది పట్టుకెళ్లి వాళ్లకు చదివి వినిపించాలి. తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఎందుకు అని అడగకూడదు. మొదటి రెండూ నేను నేర్చుకున్నాను. మూడోది నీకు పుట్టిన బిడ్డకు కష్టం.

ఇప్పుడు మేడం మోకాళ్లు కూడా నీ మోకాళ్లలాగే మాట వినడం లేదు. ఇదే ఆఖరి పుస్తకం అంటోంది, ఊరూరా ఆడవాళ్లు భూమిని ఎలా నిలబెట్టుకున్నారో చెప్పే పుస్తకం. అందులో మన ఊరి అధ్యాయం రాయమని నాకు ఇచ్చింది. నా పేరుతోనే. అమ్మా, బడి పుస్తకాల మీద పెన్నుతో రాసుకున్నదీ, హాస్టలు పెట్టె మీద సుద్దతో రాసుకున్నదీ కాక, అచ్చులో నా పేరు. రాశాను. మేడం చాయ్ చల్లారిపోయేదాకా చదివింది. చల్లారిన చాయ్ తాగిందంటే బాగుందని అర్థం.

పద్ధతి ప్రకారం అది నీకు ఫోనులో చదివి వినిపించాను. సగం దాకా ఊఁ కొట్టావు. తర్వాత ఏం జరిగిందో నీకూ నాకూ అక్కకూ తెలుసు. చిన్నమ్మకూ చిన్నాయనకూ తెలియదు. ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మా, ఇక్కడ అక్క చేతిలోంచి కాగితం లాక్కోవాలని చూస్తావు. లాక్కోకు. కూర్చో. చిన్నాయన మంచం మీద కూర్చుని ఇంటి చూరు చూస్తున్నాడా? చూడనీ. ఆయనకు తెలుసు. నేను చెప్పలేదు, ఒట్టు. ఎలా తెలుసో రాస్తాను, ముందు నీళ్లు తాగు. చిన్నమ్మా, నువ్వు కూడా.

నేను రాసింది ఇది. నాయన పోయిన ఏడు నేను ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి. కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే, చేను తమ్ముడికి, అంటే చిన్నాయనకు పోవాలి అని పెద్దమనుషులు మాట్లాడుకున్నారు. హద్దులు చూపడానికి ఆదివారం వస్తామన్నారు. నీ దగ్గర విత్తనం లేదు. నాయన జబ్బులో ఉన్న నెలల్లో విత్తనాల బుట్ట అడుగు దాకా తినేశాం. మొదటి వాన పడిన మరునాడు చిన్నమ్మ నెత్తి మీద పేడ తట్టతో మన చేను దారిన వచ్చింది. పేడ కింద మూట, మూటలో జొన్నలు. మూట గట్టు మీద పెట్టి, పేడ తట్టతో తన దారిన తాను పోయింది. నువ్వు పొద్దెక్కేలోగా చల్లేశావు. ఆదివారం పెద్దమనుషులు వచ్చేసరికి చేనంతా వేలెడు మొలక. మన దగ్గర మొలిచిన చేనులో ఎవరూ అడుగు పెట్టరు, హద్దు రాయి పాతరు. పంట కోశాక చూద్దాం అని వెళ్లిపోయారు. మరుసటి ఏడు వాళ్లు వచ్చేలోపు నువ్వు మళ్లీ చల్లావు. ఆ మరుసటి ఏడూ అంతే. చివరికి సర్వేవాళ్లు వచ్చి ఈ చేను చేసేది ఎవరని అడిగితే ఊరంతా ఒకటే పేరు చెప్పింది. పట్టా మీద పడింది కూడా ఆ పేరే.

ఇదంతా పోయిన ఎండాకాలం అడ్డాకులు కుడుతూ నువ్వే నాకు చెప్పావు, నవ్వుతూ చెప్పావు. ఫోనులో మాత్రం నవ్వలేదు. "ఆ మూట సంగతి తీసెయ్. మీ చిన్నమ్మ కాపురం మీద నీ పుస్తకమా?" అని ఫోను పెట్టేశావు.

తీసేశాను. తీసేసి చదివితే జొన్నలు ఆకాశం నుంచి పడినట్టు ఉంది. రెండు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాను, పిల్లి కూడా పక్కకు తప్పుకుంది. మూడో రోజు మేడంను అడిగాను, చిన్నమ్మకు మారుపేరు పెడితే సరిపోదా అని.

"మీ ఊళ్లె ఎన్ని ఇండ్లు బేటా?"

నలభై అన్నాను.

"నలభై ఇండ్లల్ల మారుపేరు ఎవరికి తెల్వదు చెప్పు?"

అప్పుడు బీరువాలోంచి ఒక పాత కాగితాల కట్ట తీసింది. అది ఎప్పుడూ బోర్లించే ఉంటుంది, ఎందుకో నేనూ అడగలేదు. అది మేడం మొదటి వ్యాసం. ఒక ఊళ్లో ఒకామె మొగుడు కొట్టే సంగతి చెప్పుకుంటే, మారుపేరు పెట్టి రాసింది. పెద్ద పెద్ద వాళ్లు చప్పట్లు కొట్టారు. చదివిన ఒక ఆఫీసరు మంచి చేద్దామనే ఆ ఊరికి వెళ్లి, పదిమంది ముందు, ఆమె నువ్వేనా అని అడిగాడట. తర్వాత ఆమె ఆ ఊళ్లో ఉండలేకపోయింది. మేడం రెండేళ్లు వెతికి, వేరే జిల్లాలో ఇటుక బట్టీ దగ్గర పట్టుకుంది. ఆమె తిట్టలేదట. "నన్ను అడుగకపోతిరి గద మేడం" అన్నదట, అంతే. చదివి వినిపించే పద్ధతి ఆ రోజు మొదలైంది.

ఆ తర్వాత నేను మూట గురించి మాట్లాడలేదు. మూట లేని కాగితమే శుభ్రంగా మళ్లీ రాసి పెట్టాను. ఇక్కడితో నా కథ అయిపోవాలి. కానీ చిన్నాయన కంటికి పొర వచ్చింది.

ఆపరేషను అయ్యాక యాదమ్మ ఇంట్లో చోటు లేక ఆయనను మేడం ముందుగదిలో ఉంచాం, ఆ సంగతి మీకు తెలుసు. మీకు తెలియనిది, ఆయనా మేడమూ రోజూ చేసిన వాదనలు. ఖట్టీ దాల్‌లో చింతపండు ఎక్కువని ఆయన, పప్పంటే అట్లే ఉండాలె భాయ్ సాబ్ అని ఆమె. ఎక్కువంటూనే మూడోసారి పోయించుకునేవాడు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మా పిల్లితో సమానంగా ఎండలో కూర్చునేవాడు.

నాలుగో రోజు ఆ పిల్లే నా హెడ్‌ఫోను వైరు కొరికేసింది. అందుకని క్యాసెట్టు బయటికే వినబడేలా పెట్టాను. ఏదో ఊరి ముసలమ్మ తన బుట్టలో ఉన్న విత్తనాల పేర్లు చెబుతోంది. పచ్చ జొన్న, తెల్ల జొన్న, కొర్ర, ఎర్ర జొన్న. చిన్నాయన అన్నం కలుపుతూ ఆగాడు.

"ఎర్ర జొన్నంటె మా ఇంటిదే. మీ చిన్నమ్మ పుట్టింటికెల్లి తెచ్చింది. కంకి నెత్తురు రంగుంటది, మెడ ఇట్ల వంగుతది. మా ఊళ్లె ఇంకెవ్వరి చేన్ల లేదు."

నేను రాసుకుంటున్నాను. చెవిలో పడింది రాసుకోవడం అలవాటైపోయింది.

"మీ అమ్మ చేన్ల తప్ప," అన్నాడు.

అమ్మా, ఆ మాట వినగానే మేడం నా చేతిలోని పెన్ను తీసుకుని మూత పెట్టింది. ముప్పై ఏళ్లు మాటలు పోగు చేసిన మనిషి, అంత మంచి మాట వచ్చినప్పుడు చేసిన పని అది. క్యాసెట్టు కూడా ఆపేసింది. నేను అవుననలేను, కాదనలేను. చివరికి ఎప్పటి నుంచి తెలుసు చిన్నాయనా అని మాత్రం అడిగాను.

"మొదటి ఏడే. కంకి మెడ వంచంగనే. కన్నుకు మబ్బు గిప్పుడు పట్టింది గని, అప్పుడు మంచిగనే ఉండె."

"మరి ఎవ్వరినీ అడగలేదేంది?"

కట్టు లేని కన్నుతో పళ్లెంలోకి చూస్తూ ముద్ద చేశాడు.

"ఎవరిని అడగాలె? ఇచ్చినదాన్నా, చల్లినదాన్నా? అడిగితె నేను ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తది బిడ్డా. అడగకుంటె ఏం చెయ్యనక్కరలేదు."

మరి హద్దులు చూడటానికి పెద్దమనుషులతో ఎందుకు వచ్చావని కూడా అడిగాను, నోరు ఊరుకోదు కదా. పిలిస్తే వచ్చాడట, రానంటే నామోషీ అనుకున్నాడట. మొలక చూసి నెత్తి మీద బరువు దించినట్టు అయిందట. ఆ తర్వాత ప్రతి ఏడూ పెద్దమనుషులు ఎప్పుడు పోదాం అని అడిగితే, పంట కోశాక చూద్దాం అని చెబుతూ వచ్చింది ఈయనేనట. వాళ్లు అడిగీ అడిగీ విసిగి మానేశారు.

అమ్మా, చిన్నమ్మా, మీ ఇద్దరికీ నా జోహార్లు. పద్నాలుగేళ్లు మీరు కంటికి రెప్పలా కాపాడిన రహస్యం, ఊళ్లో ఎవరికి తెలియకూడదో ఆ ఒక్కడికే మొదటి పంటకే తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి ఆయనా అంతే జాగ్రత్తగా కాపాడాడు. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ముగ్గురూ ఒకే మూటకు కాపలా కాశారు. చిన్నమ్మా, ఆయన ఇంకా చూరు వైపే చూస్తూ ఉంటే అక్కడ ఏమీ లేదని చెప్పు.

ఇది కాగితంలో రాయొచ్చా అని మేడం ఆయననే అడిగింది. రాయండి, కానీ ముందు ఇంట్లో తెలియాలి అన్నాడు. "నా నోటికి రాదు మేడం. దీనితోని రాయించుండ్రి, నేను మోసుకపోత." ఈ ఉత్తరం అందుకే. ఫోనులో చెబితే నువ్వు పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టేయలేవు.

కవరులో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకదానిలో మూట ఉంది, ఒకదానిలో లేదు. అక్క రెండూ చదువుతుంది, మీకు నచ్చినదాని మీద ముగ్గురూ వేలిముద్ర వేయాలి. చిన్నాయన సరేనన్నాడు కదా అని మీరిద్దరూ సరేననక్కర లేదు. ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా మూట లేనిదే వెళ్తుంది, ఎందుకని అడగను. చూశావా, మూడోది కూడా నేర్చుకున్నాను. నాకు మూట ఉన్నదే ఇష్టం, నీ దగ్గర అబద్ధం ఎందుకు. కానీ ఏది అచ్చయినా నా పేరు అవే అక్షరాల్లో పడుతుంది. ఆ పేరు కింద నీ చేను ఉంటుంది, అది చాలు.

చిన్నాయనతో బిస్కెట్ల డబ్బా పంపాను. అందేసరికి సగమే ఉంటే ఆయన చేతి గుడ్డ వాసన చూడండి. అక్కకు చీర, చిన్నమ్మకు దగ్గు మందు సంచి అడుగున ఉన్నాయి. మేడంకు ఎండబెట్టిన ఇప్పపువ్వు కావాలట, ఒక కట్ట అడ్డాకులు కూడా పంపండి, ఇక్కడి ప్లేట్లలో తింటే తిన్నట్టు లేదని చిన్నాయన ఆమెకు చెప్పి వచ్చాడు. యాదమ్మకు మన ఇంటి ఫోటో కావాలి. అక్కా, ఏదైనా చెట్టు కొమ్మ ఎక్కి ఫోటో దిగు.

నాయనమ్మకు, కులపెద్ద తాతకు, నన్ను అడిగిన వాళ్లందరికీ నా దండాలు. అడగని వాళ్లకు కూడా చెప్పు, వాళ్లకు సిగ్గేస్తుంది.

ఆఖరి మాట. ఇది చిన్నాయన చెప్పమనలేదు, నేనే చెబుతున్నాను. నిన్న బస్సు టికెట్టు కోసం అఫ్జల్‌గంజ్ దాకా వెళ్తున్నప్పుడు ఆటోలో మెల్లగా అన్నాడు, "మేం పత్తి పెట్టిన కాడికెల్లి ఎర్ర జొన్న పోయిందే. మీ చిన్నమ్మ బుట్ట ఖాళీ. ఇప్పుడు అది మీ అమ్మ దగ్గరనే ఉన్నది. ఒక దోసెడు అడగాలె, ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు." విత్తనాల పండుగ దగ్గరికి వచ్చింది. ఇల్లు చేరిన దగ్గరి నుంచి ఆయన ఏమీ అడిగి ఉండడు, అవునా? అడగడు. ఆయనకు అడగకుండా ఉండటంలో పద్నాలుగేళ్ల అనుభవం ఉంది.

కాబట్టి అమ్మా, లేచి అటక మీది బుట్ట దించు. చిన్నమ్మను కొంగు పట్టమను. ఈసారి పైన పేడ అక్కర లేదు. గింజలు ఇచ్చినంత మాత్రాన కాగితానికి ఒప్పుకున్నట్టు కాదని మేడం మరీ మరీ రాయమంది. అది వేరు, ఇది వేరు. బుట్ట మాత్రం ఈ రోజే తెరువు, చేను పదును మీద ఉంది. వేలిముద్రకు తొందర లేదు. పుస్తకం ఎప్పుడిస్తారని ప్రెస్సువాళ్లు నిన్న అడిగితే, చిన్నాయన దగ్గర నేర్చుకున్న మాటే మేడం వాళ్లకు చెప్పింది. పంట కోశాక చూద్దాం.

నీ చెయ్యి నా నెత్తి మీద ఉన్నట్టే అనుకుంటూ,
నీ చిన్న బిడ్డ,
లావణ్య.

ఫోనులో "తిన్నవా" అని అడుగు. ఈసారి జవాబు కూడా విను.